మా ఇంటిదాకా వచ్చిన కాగితపు కప్పు

పోయిన మంగళవారం పొద్దున డెయిరీలో పాలు పోస్తుంటే తెలిసింది, మేష్ట్రు పోయారని. "అయ్యో" అన్నాను గానీ, పాలు పూర్తిగా పోసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. దానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. నా సిగ్గుల్లో అది చిన్నది.

బాగేపల్లికి ఇవతల మా ఊళ్ళో ఆయన బడి మేష్ట్రు. ఉండేది ఊరవతల ఎస్సీ కాలనీలో. నేను ఊళ్ళో భూములున్న ఇంటివాణ్ణి, నాలుగో తరగతి దాటనివాణ్ణి. నలభై ఏళ్ళొచ్చాక ఆయన దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను. పట్టుపురుగుల తట్టల్లో పరిచే పాత పేపర్లే మా పుస్తకాలు. కన్నడ వార్త చదివించి, అదే అక్షరానికి తలకట్టు మార్చి తెలుగు చూపించేవారు. ఆ ఊపులో, పట్టుగూళ్ళు అమ్మడానికి శిడ్లఘట్ట పోయే బస్సులో బోర్డులన్నీ పైకి చదివేవాణ్ణి. ఒకాయన విసుక్కుని సీటు మారాడు. సరే, అది వేరే కథ.

చెప్పాల్సింది గ్లాసుల సంగతి. మా ఊరి హోటల్లో కాలనీవాళ్ళ గ్లాసులు బయట చూరు కింద వేరేగా ఉండేవి. తాగినవాళ్ళే కడిగి పెట్టాలి. మేష్ట్రు ఆ గ్లాసు ఏనాడూ ముట్టలేదు, ఆ గడప తొక్కలేదు. మూడేళ్ళ కిందట నాకు రోషం వచ్చింది. తాలూకా ఆఫీసుకు అర్జీ రాసి, ముందు ఆయన దగ్గరికి పట్టుకుపోయాను.

ఆయన చదివి, రెండు తప్పులు దిద్ది, అడిగారు: "సరే అప్పా. ఆ గ్లాసులు పోతే, ఆపైన నీకేం కావాలని ఉండాది?"

చాలాసేపు చెప్పాను. చట్టం, సమానత్వం, చింతామణి టౌను దాకా మన ఊరి పేరు మోగడం. పేపర్లో నా ఫోటో సంగతి మాత్రం చెప్పలేదు.

"మీకేం కావాల మేష్ట్రూ?"

"నాకు అంత వద్దు. నేను తాగిన గ్లాసు కడిగి ఇస్తే, దాంట్లో నువ్వు తాగాల. తాగేటప్పుడు అది నాదని నీకు గుర్తు రాకూడదు. అంతే."

ఇంతేనా అని నవ్వాను.

అర్జీ పనిచేసింది. తాలూకా ఆఫీసువాళ్ళు వచ్చి హెచ్చరించి పోయారు. మర్నాడు హోటలాయన చూరు కింది గ్లాసులు తీసేశాడు. లోపలి గ్లాసులూ తీసేశాడు. అందరికీ కాగితపు కప్పులే. మేం చప్పట్లు కొట్టాం. మేష్ట్రు మెడలో నేనే దండ వేశాను, పేపర్లో ఫోటో కూడా పడింది. ఆయన బెంచీ మీద కూర్చుని టీ తాగి, కప్పును తిప్పి తిప్పి చూశారు. "మంచి ఉపాయమే. ఇంక ఎవురి ఎంగిలీ ఎవురికీ తగల్దు" అన్నారు. హాస్యమనుకున్నాను.

ఆ నెలలోనే ఆయన మా ఇంటికొచ్చారు. లోపలికి పిలిచి కుర్చీ వేశాను. టీ నేనే తెచ్చాను, ఆయనకు కాగితపు కప్పులో, నాకు స్టీలు గ్లాసులో. ఆ కప్పుల కట్ట బాగేపల్లిలో కొన్నది నేనే, ఎవరైనా వస్తే వీలుగా ఉంటుందని. ఎవరు వస్తే అని నన్ను నేను అడగలేదు.

ఆయన ఆ కప్పునూ నా గ్లాసునూ చూశారు. ఆఖరి గుక్క దాకా తాగి అన్నారు: "మన గెలుపు నీ ఇంటిదాకా వచ్చిండాది అప్పా."

కోప్పడినా బాగుండేది. తర్వాతా వచ్చారు, నేను రాసినవి దిద్దారు. టీ మాత్రం "ఇప్పుడే తాగొచ్చినా" అనేవారు. నేను రెండోసారి అడిగేవాణ్ణి కాదు. మీకు దాచడమెందుకు, నేను కోరింది ఊరు మారాలని కాదు. ఊరిని మార్చినవాణ్ణని అనిపించుకోవాలని. ఆయన కోరింది నేను మారాలని.

మేష్ట్రు పోయిన మూడో రోజు ఊరివాళ్ళు నలుగురితో కలిసి ఆయన ఇంటికి పోయాను. కోడలు టీ తెచ్చింది. వాళ్ళ బంధువులకు స్టీలు గ్లాసుల్లో, మాకు కాగితపు కప్పుల్లో.

"మీకోసమని అంగడి నుంచి తెప్పించినామప్పా" అంది, మర్యాదగా.

పిట్టగోడ మీద ఒక గ్లాసు బోర్లించి ఉంది. ఆయనదేనా అని అడిగి, అందులో పొయ్యమనాలనుకున్నాను. చెయ్యి కూడా లేపాను. పక్కన ఊరివాళ్ళున్నారు. చెయ్యి దించి కప్పు అందుకున్నాను.

తాగలేక అలాగే పట్టుకు కూర్చున్నాను. కప్పు అడుగు నాని, టీ నా పంచె మీద చుక్కచుక్కగా కారుతోంది. ఎదురుగా గోడ మీద ఆ గ్లాసు ఎండకు ఆరుతోంది.