అక్క ఆరబోసిన కల్లం

ఎదురింటి అక్క మొన్న మంగళవారం పోయింది. పొద్దున పాలవాడు పిలిస్తే పలకలేదని కోడలు వెళ్లి చూసింది. నాకు రాత అంతగా రాదు. అయినా ఆమె గురించి ఇంకెవడో రాస్తే నాకు నచ్చదు. అందుకే నేనే రాస్తున్నాను.

రెడ్డియార్‌పాళయంలో మా వీధి చివర ఒక కల్లం ఉంది. మా తాతలు వడ్లు నూర్చిన చోటు. పొలాలన్నీ ఇళ్లయిపోయాక అది మునిసిపాలిటీ కిందికి వెళ్లింది, నేలకు సిమెంటు పడింది. ఎండాకాలం వస్తే వీధి ఆడవాళ్లందరూ ఆ సిమెంటు నేల మీదే మిరపకాయలు ఆరబోస్తారు. కాపలా అక్కదే. మిట్టమధ్యాహ్నం అందరి కాయలూ కాలితో తిరగేసేది. ఒక్కో ఇంటి కుప్పలో ఒక కాయ కొరికి తీర్పు చెప్పేది. నాకు చెప్పేది ఇదీ:

"నీ నోట్లో ఉండే కారం మీ ఇంటి మిరపలో లేదే తమ్ముడా!"

కౌన్సిలర్లు కొత్తగా వచ్చిన ఏడాది, వాడకంలో లేని స్థలాలు వేలం వేస్తామని మునిసిపాలిటీ నోటీసు అంటించింది. అందులో మా కల్లం ఉంది. అది పోతే, మేడల మధ్య మా వీధికి ఎండ తగిలే నేల ఇంకోటి లేదు. కౌన్సిలర్ ఇంటి ముందు నిలబడి కడిగేసి వస్తానని లేచాను.

"నువ్వు అరిస్తే ఈ పొద్దే అమ్మేస్తారు. నోరు మూసుకోని, ఇంట్లో ఉండే మిరపకాయలు ఎత్తుకోని రాపో" అంది అక్క.

అధికారి స్థలం చూడటానికి వచ్చిన రోజు కల్లం మీద కాలు పెట్టే సందు లేదు. కొనాలని ఆయన వెంట వచ్చిన ఇద్దరూ తుమ్ముతూనే ఉన్నారు.

"వడ్లు నూర్చేవాళ్లే లేరు కదమ్మా, ఇది ఖాళీ స్థలమే కదా?" అన్నాడు అధికారి.

"ఖాళీగా ఉంటేనే గదా సార్ ఆరబోసేది? నిండిపోతే యాడ పోసేది?"

"ఇవి ఎవరి కాయలు?"

"వీధివి. కల్లం మాదిరే."

ఆయన కళ్లు తుడుచుకుంటూ, వాడకంలో ఉందని రాసుకుని వెళ్లాడు. తరువాత కౌన్సిల్ కూర్చుని కల్లాన్ని వేలం నుంచి తీసేసింది, అందరి వాడకానికీ ఉంచాలని తీర్మానించింది. ఒక మూల మాత్రం నీళ్ల ట్యాంకుకు తీసుకున్నారు. నేను ఎగిరిపడ్డాను.

"నువ్వు నీళ్లు తాగవా ఏంది?" అంది అక్క. అంతే, కూర్చున్నాను.

నా భార్య చనిపోయిన ఏడాది, నేను అడగకుండానే అక్క మా ఇంటికి ఏడాదికి సరిపడా కారం కొట్టించి పంపింది. డబ్బా మూత ఎంత గట్టిగా బిగించిందంటే, తీయలేక ఆమెనే తిట్టుకున్నాను. ఆ మాట ఆమెకు చెప్తే పడీపడీ నవ్వింది.

మా వీధిలో ఎవరు పోయినా పాడె కట్టేది కల్లం మీదే. మంగళవారం కూడా కాయలు ఎండుతున్నాయి. ఆడవాళ్లు ఏడుస్తూనే, నడుమ పాడె పట్టేంత మేర కాయలను పక్కకు తోశారు. అక్కను ఎత్తుకెళ్లాం.

శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి మళ్లీ కల్లం దగ్గరికి వెళ్లాను. చుట్టూ ఎర్రగా మిరపకాయలు. నడుమ మనిషి పొడవు సిమెంటు నేల, ఎండకు తెల్లగా. ఎవరూ అందులోకి కాయలు జరపలేదు.