కనకవల్లి నేర్పిన కోతలు

మా ఎదురు ఫ్లాటు కనకవల్లికి కోపమే రాదని కువైట్ జాబ్రియాలో తెలుగువాళ్లందరూ అనుకుంటారు. వస్తుంది. కాకపోతే ఆవిడ కోపానికి ఓపిక ఎక్కువ.

విజయవాడలో ఇంగ్లీషు టీచరుగా మంచి పేరు తెచ్చుకున్న మనిషి. భర్త ఆంజనేయప్రసాద్ గారికి ఇక్కడ ఇంజనీరు ఉద్యోగం రావడంతో ఆయన వెనకాలే వచ్చేసింది. వచ్చిన దగ్గర్నుంచీ వంటిల్లే లోకం. మళ్లీ ఓ క్లాసురూములో నిలబడాలన్నదొక్కటే ఆవిడ కోరిక. ఏ స్కూలుకెళ్లినా కువైట్‌లో అనుభవం ఉందా అని అడిగేవాళ్లు. ఆ అనుభవం కోసమే, ఇక్కడ సెలవు రోజులైన శుక్రవారాలు తెలుగు పిల్లలకి కథల క్లాసు మొదలుపెట్టింది. చోటు మాత్రం పద్మశ్రీది. వాళ్ల విల్లా కింద పెద్ద బేస్‌మెంటు ఉంది.

పద్మశ్రీ మా తెలుగు అసోసియేషన్ సెక్రటరీ. ఏ కార్యక్రమం జరిగినా "అంతా నేనొక్కదాన్నే చేశాను" అనడం ఆవిడకి అలవాటు. పోయినేడాది కనకవల్లి పిల్లలతో బొమ్మలాట వేయిస్తే, వేదికెక్కి శాలువా కప్పించుకున్నది పద్మశ్రీ. కనకవల్లి కింద కూర్చుని చప్పట్లు కొట్టింది. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఈ ఏడు కనకవల్లి అమెరికా వాళ్ల కోతల కథలు పట్టుకుంది. అడవిని ఒక్క పూటలో నరికి పారేసేవాడు, సుడిగాలికి కళ్లెం వేసి ఊరేగేవాడు, అలాంటివాళ్ల కథలు. ముందు చదివి వినిపించేది. తర్వాత పిల్లలచేత కువైట్ వీరుల్ని పుట్టించేది. బాలు పుట్టించిన వీరుడు అమ్ఘరా తుక్కు యార్డులో పాత బస్సుల్ని జంతికల్లా నమిలేస్తాడు, వాడు తేన్చితే దుమ్ము తుఫాను లేస్తుంది. అక్షయ పుట్టించిన వీరనారి చీర ఆరేస్తే దాని నీడ ఎక్కడో ఉన్న మంగఫ్ దాకా పడి, ఎండలో పనిచేసేవాళ్లందరికీ చల్లగా ఉంటుంది. చార్టులు అతికించి ఆ వీరనారి బొమ్మను గోడంతా వేశారు. తల పట్టకపోతే సీలింగు మీదకి పాకించారు.

వీటితోపాటు ఓ ఆట కూడా పెట్టింది. ఒకరు కోత కోస్తే ఎవరూ నవ్వకూడదు, అబద్ధమని అనకూడదు. "అంతేనా?" అని లేచి అంతకన్నా పెద్దది కోయాలి. పద్మశ్రీ కూతురు ప్రజ్ఞ ఈ ఆటలో అందరికన్నా దిట్ట. క్లాసయ్యాక కూడా పైకి, ఇంట్లోకి వెళ్లకుండా కనకవల్లి వెనకాలే తిరిగేది.

ఇంతలో దగ్గర్లోని ఓ స్కూల్లో పిల్లలచేత కథలు చదివించే టీచరు ఉద్యోగం పడింది. అక్కడి ప్రిన్సిపాల్ వెంకటసత్యనారాయణ గారు కాకినాడాయన. మన పిల్లల కథల క్లాసు ప్రదర్శన చూసి ఎవరిని తీసుకోవాలో నిర్ణయిస్తానన్నారట. ఈ మాట చెప్పింది ఎవరనుకున్నారు, పద్మశ్రీయే.

"కనకవల్లిగారూ, ఆ పోస్టుకి నేను అప్లై చేశాను. ఆ రోజు మాట్లాడేది కూడా నేనే. మీరు స్నాక్స్ సంగతి చూసుకోండి. మీ పునుగులంటే అందరికీ ఇష్టం కదా!"

"అలాగేనండీ" అంది కనకవల్లి.

బయటికొచ్చాక, ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి నిజం చెప్పేద్దామన్నాను నేను.

"వద్దు వదినా. మనం చెబితే కుళ్లుకుంటున్నాం అంటారు. ఆవిడ పరువు ఆవిడ నోటితోనే పోవాలి. అందరూ చూస్తుండగా పోవాలి."

ఆ మాటన్నప్పుడు కనకవల్లి మొహం చూసి నాకు భయమేసింది. సంతోషం కూడా వేసింది, దాచుకోవడమెందుకు.

ప్రదర్శనకి ముందు శుక్రవారం ఆటలో కొత్త రూలు పెట్టింది. పెద్దవాళ్లెవరైనా నిలబడి "నేనొక్కదాన్నే" అన్నారంటే అది కోతల పోటీకి పిలుపు. ఎక్కడున్నా వెంటనే అందుకోవాలి. పిల్లలు గంతులేశారు.

ప్రదర్శన రోజు బేస్‌మెంటు నిండిపోయింది. ప్రిన్సిపాల్ గారు ముందు వరసలో కూర్చున్నారు. కనకవల్లి వెనక బల్ల దగ్గర పునుగులు సర్దుతోంది. పద్మశ్రీ మైకు తీసుకుంది.

"ఈ కథలు వెతకడం, పిల్లలచేత చదివించడం, ఈ బొమ్మలు, అంతా నేనొక్కదాన్నే..."

"అంతేనా?" అని లేచాడు బాలు. "ఆంటీ పుస్తకాలన్నీ ఒకే గుక్కలో చదివేసి, రాసినవాళ్లకి తప్పులు దిద్ది పంపించింది!"

"అంతేనా?" అంది అక్షయ. "ఆంటీ చిటికేస్తే కత్తెరలు నడుచుకుంటూ వచ్చి బొమ్మలు కత్తిరించాయి. ఆంటీ పైన టీవీ చూస్తూనే ఉంది!"

జనం పగలబడి నవ్వారు. పిల్లలు మాత్రం నవ్వలేదు. ప్రిన్సిపాల్ గారు బాలుని దగ్గరికి పిలిచి "ఈ ఆట మీకెవరు నేర్పారు నాన్నా?" అని అడిగారు. పిల్లలందరి వేళ్లూ వెనక బల్లవైపు తిరిగాయి. పద్మశ్రీ మొహం మాడిపోయింది. కనకవల్లి గరిటె పట్టుకుని, తలెత్తి, సూటిగా ఆవిడనే చూస్తూ నిలబడింది. నా కడుపు చల్లబడింది.

అక్కడితో ఆగిపోయినా బాగుండేది. ప్రజ్ఞ లేచింది.

"అంతేనా?" అంది, మొహంలో ఏ మార్పూ లేకుండా. "మా అమ్మ ప్రతి శుక్రవారం కిందికొచ్చి, నా పక్కన కూర్చుని, నేను రాసిన కథ చివరిదాకా వింది."

నవ్వులు ఆగిపోయాయి. పద్మశ్రీ కూతురివైపు రెండడుగులు వేసి మధ్యలో నిలబడిపోయింది. మైకు ఇంకా చేతిలోనే ఉంది. ఆ పిల్ల తల్లిని చూడలేదు. నేను గెలిచానా అన్నట్టు కనకవల్లి వైపు చూసింది. కనకవల్లి తల దించేసుకుంది.

వెళ్తూ వెళ్తూ ప్రిన్సిపాల్ గారు కనకవల్లిని ఆదివారం సర్టిఫికెట్లు తీసుకుని స్కూలుకి రమ్మన్నారు. ఇద్దరం ఇంటికి నడుస్తుంటే "తీరిందా పగ?" అని అడిగాను.

"తీరింది వదినా. ఆ మొహం అలా మాడితే చూడాలని ఏడాదిగా కాచుక్కూర్చున్నాను. చూశాను." కాస్త దూరం నడిచాక ఖాళీ గిన్నె ఇంకో చేతికి మార్చుకుంది. "పద్మశ్రీకైతే ఇంకోసారైనా ఇలాగే చేస్తాను. కాకపోతే ప్రజ్ఞని ముందే పైకి పంపించేసి చేస్తాను."