రివర్సు గేరుల దున్నిన వానకాలం

మొన్న మా మనుమడు కొత్త ట్రాక్టరును రివర్సు గేరుల పెట్టి కొట్టంలకు తోలుతుంటే నాకు నవ్వాగలే. "ఏందవ్వా, గట్ల నవ్వుతున్నవ్?" అని గుర్రుమన్నడు. ఏం జెప్పాలె వానికి! మేమొక వానకాలమంతా ఆ గేరులనే దున్నినమంటే నమ్ముతడా?

నేను ఎల్లారెడ్డి దగ్గరి ఈ ఊరికి కోడలుగ వచ్చిన రెండో ఏడు, నిజాం జమానల, రోగం తగిలి మా నాలుగెడ్లు చచ్చిపోయినయి. మళ్ల ఎడ్లు తెద్దామన్నడు మామ. మా ఆయన వింటే కద! ఒక దొర పక్కకు పడేసిన పాత కిరసనాయిలు ట్రాక్టరు అప్పటికే తెచ్చిపెట్టిండు. అది ఉత్త ఎర్రమట్టి చెల్కలనే దగ్గుతుండె, నల్లరేగడిల ఏం నడుస్తది? కామారెడ్డిల మూతబడ్డ బియ్యం గిర్నిల పెద్ద డీజిల్ ఇంజనున్నది, అది దీనికెక్కిద్దామని పట్టుబట్టిండు. "తొలకరికి భూమి దున్నకపోతే ఈ ఏడు ఇంట్ల గింజ ఉండది, యాదుంచుకో" అన్నడు మామ. ఆనాటి సంది కొడుకుతోని మాట బంద్. ఇద్దరూ నాతోనే చెప్పి పంపుకునుడు. నా పాణం మీదికొచ్చె.

గిర్నిల పనిచేసిన మిస్త్రీ సాబును తోలుకొచ్చి నెల దినాలు తిప్పలు పడ్డరు. చట్రం పొడుగు చేసి, పదిమంది మోకులు పట్టి లేపితే ఇంజను కూసున్నది. నేను వాకిలి అలుకుడు, వాళ్లు నూనె ఒలకబోసుడు. తొలివాన పడ్డ మర్నాడు ఊరంత చూస్తుంటే స్టార్టు చేసిండ్రు. ఇండ్లు అదిరినయి. మా ఆయన మొదటి గేరేసిండో లేదో, బండి వెనక్కి పోయి పేడకుప్పల దిగవడ్డది. రెండో గేరేస్తే ఇంకింత జోరుగ వెనక్కే! జనం పొట్ట పట్టుకొని నవ్విండ్రు. నాకైతే ఏడుపొచ్చింది.

మిస్త్రీ సాబు నెత్తి కొట్టుకున్నడు. "యా అల్లా! ఈ ఇంజను ఉల్టా తిరుగుతది. గిర్నిల బెల్టు పట్టాను మెలేసి తొడిగితే అన్ని సీదా తిరుగుతుండె, గందుకే నాకు యాదికి రాలే. వెనక డబ్బ విప్పి గేరు పండ్లచక్రం మర్లేస్తే సరైతది గని, పదిహేను దినాలు పడతది."

భూమిల తడి పదును అన్ని దినాలు ఆగదు. మా ఆయన మొహం నల్లగైంది. అరుగు మీద కూసున్న మామ లేచొచ్చిండు. "అరే కొడుకా, ముందటి గేర్లు వెనక్కి తోలితే వెనక గేరు ముందటికి తోలదార? అదేసి దున్ను."

గదేసిండు. బండి మెల్లగ, ఎడ్ల లెక్కనే, ముందుకు కదిలింది. ఆ ఒక్క గేరుతోనే చేనంత దున్నిండ్రు. మామ వెనకనే నడుసుకుంట సాళ్లు చూసిండు, "లోతు పెంచురా" అని అరిసిండు. నేను గట్టు మీద నిలవడి కండ్లు తుడుసుకున్న. ఆ ఏడు జొన్న మంచిగ పండింది.

మామ, మా ఆయన ఇద్దరూ పోయి ఎన్నేండ్లయిందో లెక్క పెట్టుడు బంద్ చేసిన. కాలం అన్నిటిని పాతవడేస్తదంటరు గని, నెల దినాల మాట బంద్ తర్వాత నోరు తెరిచి కొడుకును "అరే కొడుకా" అని మామ పిలిచిన పిలుపు నాకింక పాతగ కాలే.