గొడుగు కింది కనకరత్నం

పాత సీరియళ్ళనూ పాత పాటలనూ తలుచుకుని మురిసిపోయేవాళ్ళు నిజానికి వాటిని ప్రేమించరనీ, వాటిని చూసిన రోజుల్లో తమకున్న వయసునే ప్రేమిస్తారనీ ఒక అభిప్రాయం బాగా చెలామణిలో ఉంది. చదువుకున్నవాళ్ళు ఈ మాటను కొంచెం జాలిగా అంటారు, తక్కినవాళ్ళు నవ్వుతూ అంటారు. ఇది శుద్ధ అబద్ధమని తోసిపారేయడానికి వీల్లేదు. కాని జగ్గయ్యపేటలో ఉండే దేవమణి విషయంలో అది ఎంతవరకు నిలబడుతుందో తేలాలంటే, పోయిన వేసవిలో ఆమెకు దొరికిన సెలవుల సంగతి చెప్పుకోవాలి.

దేవమణి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాటా గదిలో పనిచేస్తుంది. లారీని ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి తూచి చీటీ చేతికివ్వడం ఆమె ఉద్యోగం. ఏడాదికోసారి ఫ్యాక్టరీలో సున్నపురాయిని కాల్చే పెద్ద బట్టీని చల్లార్చి, లోపల అరిగిపోయిన ఇటుకలు మారుస్తారు. ఆ రోజుల్లో లారీలు పలచబడతాయి. కాటా గదిలో ఇద్దరి పని ఒక్కరితో సరిపోతుంది కనుక, రెండో వాళ్ళను మిగిలిన సెలవులు వాడుకొమ్మంటారు. ఈసారి ఆ వంతు దేవమణికి వచ్చింది.

సెలవు మంజూరైందని తెలిసిన సాయంత్రమే దాని మీద హక్కుదారులు బయలుదేరారు. ఆమె భర్త నెహెమ్యా ఆర్టీసీ కండక్టరు. ఇంటికి సున్నం వేయించడానికి ఇంతకంటే మంచి అదను రాదని అతడు అన్నం తింటూ ప్రకటించాడు. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు చందాల పని చూడమన్నారు. అటక మీది సామాను మాట కూడా వచ్చింది. దేవమణి ఎవరినీ కాదనలేదు, ఎవరికీ ఔననలేదు. మర్నాడు బస్టాండు పక్క దుకాణానికి వెళ్ళి ఒక లాంగు నోటుబుక్కూ రెండు పెన్నులూ కొనుక్కొచ్చింది.

"ఎవరికే ఆ పుస్తకం?" అన్నాడు నెహెమ్యా.

"నాకేనండి. కథ రాసుకుంటా."

"సున్నం వేసేవాళ్ళకి ఏం చెప్పమంటావు మరి?"

"కథ అయ్యాక రమ్మనండి."

నెహెమ్యా టికెట్టు లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు ఆమెను ఒక్క క్షణం చూసి, సంచీ భుజానికి తగిలించుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కాపురంలో అది చిన్న సహాయమేమీ కాదు.

అప్పటినుంచి దేవమణి పొద్దుటి పూటలు ఒక పద్ధతిలో పడ్డాయి. టీ కలుపుకుని పెరటి వసారాలో కూర్చునేది. ఫోనులో పాత సినిమా పాటలు పెట్టుకునేది. అవి కూడా చిన్నప్పటి క్యాసెట్టులో ఉన్న వరసలోనే రావాలి, వరస తప్పితే పాట బాగున్నా ఆమె చెవికి ఆనేది కాదు. ఫ్యాక్టరీలో అకౌంట్సు చూసే ఉషశ్రీ నడిపే వాట్సాప్ గ్రూపు ఒకటుంది, దాని పేరు 'ఆదివారం బ్యాచ్'. అందులో సబ్బుల ప్రకటనల పాటలూ, సినిమాహాలు బయట అమ్మిన పాటల పుస్తకాల అట్టలూ, మైకు కట్టుకుని తిరిగిన రిక్షాల ఫోటోలూ రోజూ వస్తుంటాయి. దేవమణి వాటిని చూసి నవ్వుకుని, ఫోను బోర్లించి, రాయడం మొదలుపెట్టేది.

ఆమె రాస్తున్నది కొత్త కథ కాదు. ఆమెకు పదేళ్ళప్పుడు ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో ఒక హిందీ సీరియల్ వచ్చేది. కొండల మధ్య ఒక చిన్న రైల్వే స్టేషను, ఒక స్టేషను మాస్టరు, ప్లాట్‌ఫారం బెంచీ మీద నల్ల గొడుగు వేసుకుని కూర్చునే కనకరత్నం అనే పెద్దావిడ. రైలు దిగినవాళ్ళ నడకను బట్టి ఎవరు దొంగో, ఎవరు దొరో కనకరత్నం చెప్పేసేది. పోట్లాడుకున్నవాళ్ళు ఆమె ముందుకు వచ్చేవారు, తీర్పు విని వెళ్ళేవారు. సీరియల్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ తరవాత కనకరత్నం ఏమైందన్నది దేవమణి మనసులో ముప్ఫై ఏళ్ళకు పైగా మిగిలిపోయిన ప్రశ్న. కాటా గదిలో లారీకీ లారీకీ మధ్య ఆమె దానికి ఎన్నో జవాబులు కల్పించుకుంది. ఇప్పుడు వాటిని కాగితం మీద పెడుతోంది.

ఆ రాత గొప్పదని చెప్పలేము. దొంగ ఎవరో రెండో పేజీలోనే తెలిసిపోతుంది, వర్షం అవసరానికి మించి కురుస్తుంది. కాని కనకరత్నం నోరు విప్పినప్పుడల్లా వాక్యం నిటారుగా నిలబడేది. రాసే మనిషికి ఆ సంగతి తెలుసు. అందుకే ఆమెను అప్పుడే మాట్లాడించకుండా కాసేపు ఊరించి, ఆ ఊరింపును తానే అనుభవించేది.

మూడు భాగాలు పూర్తయ్యాక పేజీలను ఫోటోలు తీసి గ్రూపులో పెట్టింది. ఆ మధ్యాహ్నమే ఉషశ్రీ ఫోను చేసింది. తండ్రి ఉద్యోగం వల్ల నాగపూరులో పెరిగిన మనిషి కనుక, ఆమెకు హిందీ ఇంటి భాషలాంటిది. ఆ సీరియల్ ఒక్క ఆదివారం కూడా వదలకుండా చూశానని చెప్పుకునేది.

"దేవమణి గారూ, భలే రాశారండి. కాని ఈ కనకరత్నం ఎవరండీ?"

"గొడుగావిడ అండి. స్టేషను బెంచీ మీద కూర్చుంటుంది కదా."

"బెంచీ మీద కూర్చుంటే పేరు వస్తుందా అండి? ఆవిడకి ఒక్క డైలాగు కూడా లేదు."

దేవమణి నవ్వింది. ఉషశ్రీ నవ్వలేదు. ఎవరో ఆ సీరియల్ మొత్తాన్నీ ఇంటర్నెట్లో పెట్టారనీ, కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా పడతాయనీ చెప్పి లింకు పంపింది.

దేవమణి చూసింది. స్టేషను ఉంది, కొండలున్నాయి, స్టేషను మాస్టరు ఉన్నాడు. కాని అతడు లంచం తిన్నాడన్న నింద మీద అక్కడికి బదిలీ అయిన మనిషి. ఎపిసోడు పొడుగునా పై అధికారులకు అర్జీలు పెట్టుకుని కిటికీలోంచి కొండల్ని చూస్తుంటాడు. దొంగ లేడు, తగాదా లేదు, తీర్పు లేదు. నల్ల గొడుగు పెద్దావిడ ఉన్న మాట నిజమే. ప్లాట్‌ఫారం చూపించినప్పుడల్లా ఒక మూల కూర్చుని ఉంటుంది, రైలు వస్తే లేచి పక్కకు జరుగుతుంది. లారీ మారకుండా తూకం మారితే ముందు కాటాను అనుమానించాలన్నది దేవమణికి వృత్తి నేర్పిన పాఠం. ఇక్కడ మాత్రం ఆమె ముందు లారీనే అనుమానించింది. సీరియల్‌ను ఎవరో కత్తిరించి పెట్టారనుకుంది. చివరి ఎపిసోడు దాకా చూశాక ఆ అనుమానానికి చోటు లేకపోయింది. సీరియల్ ఉన్నట్టుండి ఆగనూ లేదు, స్టేషను మాస్టరు నిర్దోషి అని తేలి, రైలెక్కి వెళ్ళిపోయాడు.

ఉషశ్రీ మళ్ళీ ఫోను చేసి ఒక మంచి మాటే చెప్పింది. పాత టీవీ అభిమానులు నడిపే పేజీ ఒకటి ఉందట, వేలమంది చదువుతారట. ఈ కథను వారం వారం వేస్తామన్నారట. ఒకటే షరతు, సీరియల్లో పేరూ మాటా లేని పాత్ర కథలో ఉండకూడదు. కనకరత్నాన్ని తీసేసి, ఆమె మాటల్ని స్టేషను మాస్టరుకు ఇచ్చేస్తే చాలన్నది ఉషశ్రీ సలహా. అది దయతో ఇచ్చిన సలహా, అందుకే తోసిపుచ్చడం కష్టమైంది.

దేవమణి రెండు పొద్దులు ప్రయత్నించింది. కనకరత్నం మాటలు స్టేషను మాస్టరు నోట్లో పెడితే సర్క్యులరు చదువుతున్నట్టు వినిపించాయి. బెంచీ ఖాళీ అయింది, కథ కూడా దానితోపాటే ఖాళీ అయింది. అంతలో ఫ్యాక్టరీనుంచి కబురు వచ్చింది. ఇటుకల పని ముగిసింది, సోమవారం బట్టీ వెలిగిస్తారు, డ్యూటీకి రావాలి. ఇన్నేళ్ళకు చేతికందిన సెలవు ముగిసేలోగా కనకరత్నాన్ని ఉంచాలో తీసేయాలో తేల్చుకోకపోతే, కథ మళ్ళీ లారీల మధ్యకు వెళ్ళిపోతుందని ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఆ సీరియల్‌ను తాను చూడలేదు, విన్నది; వారం వారం దాన్ని తనకు ఎవరు చెప్పారో కూడా తెలుసు. శనివారం పొద్దున నోటుబుక్కు సంచీలో పెట్టుకుని నందిగామ బస్సెక్కింది.

నందిగామలో ఆమె అక్క జయమణికి జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. దేవమణి వెళ్ళేసరికి జయమణి మిషను మీద ఒక చీరకు ఫాల్ కుడుతోంది. సీరియల్ మాట ఎత్తితే తల ఎత్తకుండానే, ఏ సీరియల్ అంది. చందర్లపాడు దగ్గర తమ ఊళ్ళో, జగన్నాథరావు గారింట్లో టీవీ ఉండేదనీ, అందులో వచ్చిందనీ గుర్తుచేస్తే అప్పుడు మిషను ఆపింది.

ఆ రోజుల్లో ఆదివారం పొద్దున దేవమణి నాయనమ్మతో చర్చిలో ఆరాధనకూ, పిల్లలకు బైబిలు కథలు చెప్పే సండే స్కూలుకూ వెళ్ళేది. నాలుగేళ్ళు పెద్దదైన జయమణి మాత్రం, కూలికి వెళ్ళే తల్లి వెంట జగన్నాథరావు గారి వసారాలో మిరపకాయలకు తొడిమలు తీయడానికో, వేరుశెనగ కాయలు ఒలవడానికో వెళ్ళేది. హాలు కిటికీ వసారాలోకి ఉండేది. లోపలికి రమ్మని ఎవరూ పిలిచేవారు కాదు, కిటికీ రెక్క మూసేవారూ కాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్కచెల్లెళ్ళు నులక మంచం మీద చేరి కథలు మార్చుకునేవారు. చెల్లెలు సండే స్కూల్లో విన్న కథ చెప్పాలి, అక్క సీరియల్ చెప్పాలి. చెల్లెలి కథ ముందు పూర్తయితేనే అక్క నోరు విప్పేది. ఆ ఒప్పందం ఒక్క వారం కూడా తప్పలేదు.

"అక్కా, ఆ సీరియల్ నీకు అర్థమయ్యేదా?"

"హిందీ నాకేం తెలుసే? ఇప్పుడు మాత్రం తెలుసా?"

"మరి కథంతా ఎలా చెప్పావు?"

"బొమ్మ కనపడేది. మాట వసారాలోకి వచ్చేది కాదు, వచ్చినా మనది కాదు. నువ్వేమో నీ కథ గబగబా అప్పజెప్పేసి నా మొహంలోకి చూస్తా కూర్చునేదానివి. ఏదో ఒకటి చెప్పాలిగా."

"ఇంతమంది ఉండగా ఆ గొడుగావిడే ఎందుకక్కా?"

జయమణి దారం కొరికి తెంపింది.

"నువ్వే కదే చెప్పావు, చెట్టు కింద కూర్చుని జనానికి తీర్పులు చెప్పే ఆవిడ కథ. మీ సండే స్కూలు కథే. నాకు అక్కడ చెట్టు కనపళ్ళా, గొడుగు కనపడింది."

చెట్టు కింద కూర్చున్న ఆ స్త్రీ కథను తాను చెప్పిన మధ్యాహ్నం దేవమణికి ఇప్పుడు బాగానే గుర్తుకొచ్చింది. మంచం కోడు పట్టుకుని, బోధకురాలి గొంతు అనుకరిస్తూ చెప్పింది. అప్పుడు అక్క కళ్ళు మూసుకుని ఉంటే, నిద్రపోయిందనుకుని అలిగింది కూడా. తరవాతి వారమే కనకరత్నం బెంచీ మీదికి వచ్చి కూర్చుంది. అంటే తాను ఇన్నేళ్ళుగా టీవీలోదని దాచుకున్న మనిషి టీవీలోనుంచి రాలేదు. ఒక పిల్ల విని చెప్పినదీ, ఇంకో పిల్ల చూసీ వినలేకపోయినదీ కలిసి ఆ నులక మంచం మీద పుట్టింది. మొదట చెప్పుకున్న అభిప్రాయం ఇక్కడ తడబడుతుంది. దేవమణి ప్రేమించినది సీరియల్‌ను కాదన్నంతవరకు అది నిజమే. కాని ఆమె ప్రేమించినది తన పదేళ్ళ వయసునూ కాదు. వయసు దానంతటది కథ చెప్పదు. ఎవరో ఒకరు కూర్చుని అల్లాలి, ఇంకొకరు కూర్చుని వినాలి.

"మరి కథ మధ్యలో ఆపేసింది కూడా మనమేనా?" అంది దేవమణి.

"జగన్నాథరావు గారు ఆ ఏడు కొత్త ఇల్లు కట్టించారు. వసారా వైపు కిటికీ పెట్టించలా," అంది జయమణి. ఆ మాట ఆమె మామూలుగానే అని, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. "ఇంతకీ ఏం రాశావో చదువు. ఫాల్ అయ్యేలోపు అవ్వాలి."

దేవమణి చదివింది. జయమణి కుడుతూ వింది. దొంగ పేరు వాడు రైలు దిగకముందే చెప్పేసింది. వర్షం ఎందుకే ఇంత, గొడుగు చినిగిపోతుందంది. కనకరత్నం ఒక కౌలు రైతును గద్దించే చోట మాత్రం మిషను ఆపి, చెయ్యి ఎత్తింది.

"ఆవిడ అట్టా మాట్లాడదు. అవతలివాడి తప్పు అవతలివాడి చేతే చెప్పిస్తుంది. నువ్వు మర్చిపోయావు."

దేవమణి ఆ పేరా అక్కడే కొట్టేసింది. సాయంత్రం బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఆ ఒక్క తగాదానే తిరగరాశారు. మధ్యలో జాకెట్టు కోసం వచ్చినావిడ కూడా, తప్పు రైతుది కాదు, కౌలుకిచ్చినవాడిదని తన అభిప్రాయం చెప్పి, జాకెట్టు మాట మర్చిపోయి వెళ్ళింది.

ఆదివారం రాత్రి దేవమణి ఉషశ్రీకి ఫోను చేసి, పేజీలో వేయవద్దని, అడిగినందుకు సంతోషమని చెప్పింది. కొండలనూ, స్టేషను మాస్టరునూ వాళ్ళ సీరియల్‌కే వదిలేసింది. బెంచీని తెచ్చి చిల్లకల్లు దగ్గర హైవే పక్కన లారీలు ఆగే చోట వేసింది. గొడుగునూ కనకరత్నాన్నీ ఉంచుకుంది. సోమవారం బట్టీ వెలిగించారు, ఆమె డ్యూటీకి వెళ్ళింది. ఇంటికి సున్నం ఇంకా వేయించలేదు. నెలకు రెండు ఆదివారాలు, ఆరాధన అయ్యాక, నోటుబుక్కు తీసుకుని నందిగామ వెళుతుంది. ముందు ఆమె తాను రాసినంత చదువుతుంది, తరవాత జయమణి ఇకమీద జరగాల్సింది చెబుతుంది.