సున్నా టికెట్

నాయుడుపేటలో బస్సెక్కాక, ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే టికెట్‌ను ఉండ చుట్టి కిటికీలోంచి పారేయబోయాను. పక్క సీట్లో కూర్చున్నామె చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. నేను ఉరిమి చూసేసరికి వదిలేసింది.

“అలవాటక్కా, ఏమనుకోవద్దు. ఆడ సర్పంచులకు సాయం చేసే చిన్న సంస్థలో లెక్కలు రాస్తా. మండలం మీటింగుకి మొగుణ్ణి పంపకుండా తనే వచ్చి టికెట్ చూపించినామెకు ప్రయాణ ఖర్చు కింద రెండొందలిచ్చేవాళ్ళం. ఒక్కో టికెట్టూ పుస్తకంలో అంటించేదాన్ని. ఆ రెండొందల కోసమే మొగుళ్ళు కూడా పోయి రమ్మనేవాళ్ళు.”

“ఇప్పుడివ్వడం లేదా?”

“బస్సు ఫ్రీ అయినాక ఇంకేం ఖర్చని దాతలు డబ్బు ఆపేసినారు. పోయిన మీటింగులో సర్పంచుల కుర్చీల్లో మళ్ళా మొగుళ్ళే కూర్చున్నారక్కా. ఆడమనిషిని నేనొక్కదాన్నే. నన్ను టీలు అందించమన్నారు.”

“మీరు అందించారా?”

“నేను దిగాల్సిన ఊరు వచ్చేసిందక్కా” అంటూ ఆమె లేచింది. చిల్లకూరులో సంచీ సర్దుకుని దిగిపోయింది.

చేతిలోని ఉండ విప్పి చూశాను. చార్జీ ఉండాల్సిన చోట సున్నా ఉంది. అంతవరకూ దాన్ని నాకు మిగిలిన డబ్బనే అనుకున్నాను.