బుట్ట కింద అడుగు

గేటు కాపలా తాత కన్నుగప్పి ఆ అడవిలోకి చీమ కూడా దూరదు. కొండ మీద గుడారంలో ఒక రాత్రి గడపాలని వీపున సంచులు వేసుకుని వచ్చేవాళ్లకు ఆయన తడిమట్టి చూపించి, "కుడికాలు గట్టిగా వెయ్యండి" అంటాడు. పడిన బూటు అచ్చు మీద వెదురుబుట్ట బోర్లిస్తాడు. "మా కాళ్లు అంత ముద్దొచ్చాయా తాతా?" అని నవ్వితే తనూ నవ్వుతాడు. మనిషి తప్పిపోతే వెతకడానికి ఆ అచ్చే ఆనవాలన్న మాట మాత్రం పెదవి దాటనివ్వడు. మర్నాడు వాళ్లు తిరిగొచ్చాక బుట్ట లేపి, అచ్చును తన మడమతో చెరిపేస్తాడు. అప్పటిదాకా ఆయనకు టీ కూడా గొంతు దిగదు.

మొన్న ఒంటరిగా వెళ్లిన బడిపంతులు బుట్ట ఇంకా లేవలేదు. నిన్న ఆయన్ని వెతకబోయిన ఇద్దరు గార్డుల బుట్టలూ లేవలేదు. ఈ ఉదయం తన భార్య క్యారియర్ తెచ్చేసరికి తాత చేతికర్రతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. తడిమట్టిలో ఆయన చెప్పు అచ్చు అప్పుడే పడి ఉంది.

"బుట్ట నువ్వే వెయ్యి. నేనొచ్చేదాకా తియ్యకు" అన్నాడు.

ఆమె నాలుగో బుట్ట బోర్లించింది. లేచి, చేతుల మట్టి దులుపుకుంటూ అడిగింది.

"రేపు మిమ్మల్ని వెతుక్కుంటూ నేనొస్తే, నా అడుగు మీద ఎవరు బోర్లిస్తారు?"