ఎడమ మూలకి లేపిన బంతి

పాతికేళ్ళ వయసులో మనిషికి తన ఊరే లోకంలా కనిపిస్తుందంటారు. ఆ రోజుల్లో నాకు అంత లోకం కూడా అక్కర్లేకపోయింది. పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు, మధ్యలో ఒక నెట్టు, ఆ నెట్టు దగ్గర కుడివైపు నేను, ఎడమ మూల మా చిన్నమ్మ కొడుకు. నా భూగోళం అంతే. ఆ కొలతలైనా పుస్తకంలోవే గానీ మా గూడెంలోవి కావు. అరకు దాటి కొండెక్కాక వస్తాయి మా ఇళ్ళు. అక్కడ సమంగా ఉన్న నేలంటే చోళ్ళు, అంటే రాగులు, నూర్చే కళ్ళం ఒక్కటే. దానికి ఒక పక్క కొండ, ఒక పక్క ఇళ్ళు, ఒక పక్క పశువుల శాల, నాలుగో పక్క ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు, కింద పారే గెడ్డ దాకా. బంతి అటు పోయిందంటే దొర్లుకుంటూ పోయి నీళ్ళలో పడేది. కొట్టినవాడే దిగి తేవాలన్నది మా ఆటలో మొదటి రూలు. (తెచ్చేదాకా మిగతావాళ్ళందరూ వాణ్ణి తిట్టవచ్చునన్నది రెండోది.) దిగడానికి పావుగంట, ఎక్కడానికి అరగంట. అంచేత మా ఊళ్ళో బలంగా కొట్టేవాళ్ళు తక్కువ, గీత లోపల కొట్టేవాళ్ళు ఎక్కువ.

మా చిన్నమ్మ కొడుకు మాత్రం బలంగానూ కొట్టేవాడు, గీత లోపలే కొట్టేవాడు. వాణ్ణి ఊరంతా మిడత అనేది. ఎగిరితే నడుము దాకా నెట్టు పైకి తేలేవాడని ఆ రోజుల్లో నేను ఊరూరా చెప్పాను. ఇప్పుడు నిజం చెప్పే వయసొచ్చింది గనక ఛాతీ దాకా అని దిద్దుకుంటున్నాను. బంతిని నెట్టు మీదికి పైకి లేపి ఇవ్వడం నా పని. లిఫ్టింగ్ అంటారు దాన్ని. ఆ బంతిని అవతలి నేలకి కొట్టడం వాడి పని. చూసే జనం కొట్టినవాణ్ణే చూస్తారు గానీ లేపినవాడి మొహం ఎవడు చూస్తాడు? ఈ బాధ లోపల్లోపల నన్ను తినేస్తూ ఉండేది. అందుకని, ఎవరైనా వాణ్ణి మెచ్చుకుంటే చాలు, పక్కన చేరిపోయి, "ఆడికి ఆట నేర్పింది నానే" అనేవాణ్ణి. నేను నేర్పిందేమీ లేదు. వాడు నాలుగడుగులు వెనక్కి వేసి ఎడమ మూల నించి పరిగెత్తుకొస్తాడని తెలుసు, ఎంత ఎత్తు కావాలో తెలుసు, అంతకి లేపేవాణ్ణి. కళ్ళు మూసుకుని లేపినా వాడు అక్కడ ఉండేవాడు.

మా వైపు చైత్రంలో ఇటుకల పండగని వేట పండగ వస్తుంది. ఆ పండక్కి మగవాళ్ళు వేటకి పోవాలి. వేట దొరక్క ఉత్త చేతుల్తో తిరిగొచ్చినవాళ్ళని ఆడవాళ్ళు ఊరి మొదట్లోనే నిలబెట్టి, పేడ ముద్దలతో కొట్టి, వాళ్ళ మీద పాటలు కట్టి పాడతారు. ఇప్పుడు వేటాడితే ఫారెస్టువాళ్ళు ఊరుకోరు, వాళ్ళు ఊరుకున్నా అడవిలో వేటాడ్డానికి ఏముంది గనక. సరే, వేట మానేశారు. మరి పేడ? దాన్ని మానడానికి మా ఆడవాళ్ళు ససేమిరా అన్నారు. చివరికి మా ఊరిపెద్ద తాత ఒక దారి కనిపెట్టాడు. ఆ పండగ రోజుల్లోనే కింద సంత ఊళ్ళో వాలీబాల్ పోటీలు జరిగేవి, గెలిచిన జట్టుకి మేకపోతుని ఇచ్చేవారు. "మేకని తెత్తే ఏట దొరికినట్టు, తేకపోతే దొరకనట్టు. ఇంకేటి?" అని తీర్పు చెప్పేశాడు. మిడత ఆడటం మొదలుపెట్టాక వరసగా నాలుగేళ్ళు మేకతోనే వచ్చాం. పేడ విసిరే ఆడవాళ్ళకి నాయకురాలు మా చిన్నమ్మే, అంటే మిడత తల్లి. కొడుకు గెలిచి వస్తున్నాడని సంతోషించాల్సింది పోయి, "నాలుగేళ్ళయింది సెయ్యి ఆడించి, కీళ్ళు పట్టేత్తన్నాయిరా" అని మమ్మల్నే తిట్టేది.

నాలుగో మేకని తెచ్చిన కొన్నాళ్ళకే పాడేరులో సెలక్షన్లు జరిగాయి. అక్కడ టోపీ పెట్టుకున్న ఒకాయన రెండు గంటలు మిడత ఆట చూసి, గీత పక్కనే బంతులు పడుతున్న తీరుకి ముచ్చటపడి, "నీ కోచ్ ఎవరు?" అని అడిగాడు. నేను చొక్కా సర్దుకుని ఒకడుగు ముందుకేశాను. మిడత నా వైపు చూడకుండా, "గెడ్డ సార్" అన్నాడు. ఆ టోపీ ఆయన ద్వారానే మాల్దీవుల్లో ఒక క్లబ్బు నుంచి పిలుపొచ్చింది. రెండేళ్ళ ఒప్పందం. వాళ్ళకి కొట్టేవాడు కావాలి, లేపేవాళ్ళు వాళ్ళ దగ్గర ఉన్నారట. ఊరంతా కూర్చుని మాట్లాడుకుంది. దీవులంటే చుట్టూ సముద్రమని ఎవరో చెప్పగానే ఊరిపెద్ద తాతకి పెద్ద అనుమానమొచ్చింది. "మరి బంతి సముద్రంలోకి పోతే ఎవుడు దిగుతాడ్రా? ఈడికి ఈత కూడా సరిగ్గా రాదు." గంటసేపు అదే చర్చ. నేను మాత్రం పెద్దమనసు చేసుకుని "ఎల్లిరా తమ్ముడూ" అన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదని మా ఆవిడకి కూడా చెప్పలేదు.

తరవాతి చైత్రానికి వాడు సెలవు మీద వచ్చాడు. తెల్లటి బూట్లు, మోకాలికి పట్టీ, తెలుగులో అక్కడక్కడా ఇంగ్లీషు. నేను అప్పటికే పోటీలకి జట్టు పేర్లు ఇచ్చేసి, పైన మొదట వాడి పేరే రాయించాను. ఆడతావా అని వాణ్ణి అడగలేదు. అడగాలని తోచనే లేదు. అన్నం తినేముందు మన చేతిని మనం అడుగుతామా? పోటీ రోజు పొద్దున్న జీపు టాపు మీద అందరం ఎక్కి కూర్చున్నాం. కాఫీ తోటలు దాటాక మిడత నా చెవి దగ్గరికి వంగి, "అన్నా, నాను ఆడకూడదు" అన్నాడు.

"ఏటి, కడుపు నొప్పా?"

"కాదన్నా. కాయితం మీద సంతకం పెట్టినాను. ఆళ్ళకి తప్ప ఇంకెక్కడా ఆడకూడదంట. ఇక్కడ కాలు మడతపడితే ఇంక రావద్దంతారు."

"మరి ముందే ఎందుకు సెప్పనేదు?"

"నువ్వు పేరు రాయించేసి కుసీగా తిరుగుతన్నావు. నోరు రానేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ కాలు నీదా, ఆళ్ళదా?" అన్నాను. వాడు అబద్ధం చెప్పడం తెలియని మనిషి. కాసేపు నిజంగానే ఆలోచించి, "రెండేళ్ళూ ఆళ్ళదే అన్నా" అన్నాడు. దానికి నేనన్న మాట ఇన్నేళ్ళయినా నా నోట్లోనే ఉంది. "అలాగైతే మా జీపెందుకెక్కినారు? మీరు మా ఊరోలు కాదు, సుట్టాలు. గట్టు మీద కూసుని సూడండి." మిడతని నేను మీరన్నాను. తోడబుట్టినవాడిలా పెరిగినవాణ్ణి. వాడు టాపు మీది తాడు గట్టిగా పట్టుకుని, సంత ఊరు వచ్చేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. చాలా తప్పు మాట. తెలిసే అన్నాను.

ఆరో మనిషి కావాలి గనక, మా ఊళ్ళో రేషన్ డిపో నడిపే బావని దింపాం. ఆయన మేక వాటా కోసం మాతో వచ్చాడు తప్ప ఆడటానికి కాదు. పొట్ట బయటికి తన్నుకొచ్చిన చొక్కాతో ఎడమ మూల నిలబడి, "ఇక్కడ నానేటి సెయ్యాల?" అని అడిగాడు. "బంతి వత్తే కొట్టు" అన్నాను. ఆట మొదలైంది. నాకు మొదటి బంతి అందింది. చేతులు తమ పని తాము చేసేశాయి. ఎడమ మూలకి, సరిగ్గా మిడత ఎత్తుకి లేపాను. చెప్పకూడదు గానీ అంత చక్కటి బంతి నేను అంతకు ముందూ లేపలేదు, ఆ తరవాతా లేపలేదు. అది పైకి వెళ్ళింది, కాసేపు అక్కడే ఉండి, కిందికి దిగి డిపో బావ కాళ్ళ దగ్గర దబ్బుమని పడింది. ఆయన దాన్ని చేతులు కట్టుకుని చూశాడు. "ఇది ఎవుల్దిరా?" అన్నాడు. రెండోసారీ అలాగే లేపాను. మూడోసారీ అంతే. తక్కువగా లేపాలని బుర్రకి తెలుసు, చేతులకి తెలీదు. అంపైరు స్టూలు మీంచి వంగి, "ఏటి బాబూ, అక్కడ ఎవుల్ని పెట్టినావు? నాకు కనపడ్డం నేదు" అన్నాడు. సంత సంతంతా నవ్వింది. స్టూలుకి కట్టేసిన మేకపోతు కూడా తల ఎత్తి చూసింది.

నాలుగో బంతికి నేను చూడకూడనిది చూశాను. గీత అవతల, జనం వెనకాల, ఎడమవైపు మిడత నిలబడి ఉన్నాడు. నేను లేపగానే వాడు అక్కడే నాలుగడుగులు వెనక్కి వేసి పరిగెత్తుకొచ్చి, ఎగరబోయి ఆగిపోయాడు. చెయ్యి మాత్రం పైకి లేచి ఉంది. పక్కనున్న ముసలాయన వాణ్ణి పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. మళ్ళీ బంతి లేచింది, మళ్ళీ అంతే. ఆ చెయ్యి దించుకోవడానికి వాడు పడ్డ అవస్థ చూశాక నాకు ఇంక బంతి సరిగ్గా కనబడలేదు. రెండు సెట్లూ పోయాయి. మేకని అవతలి ఊరివాళ్ళు మెడలో దండ వేసి మరీ తీసుకుపోయారు.

జీపు దిగి కొండెక్కుతున్నాం. మిడత అందరికంటే వెనక, పది అడుగులు వదిలి నడుస్తున్నాడు. చుట్టం నడిచినట్టే. ఊరి మొదట్లో ఆడవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఐదేళ్ళ ఆకలి, బుట్టలకి బుట్టలు నింపి పెట్టుకున్నారు. మేం ఆరుగురం ఆచారం ప్రకారం వరసలో నిలబడ్డాం. ఊరిపెద్ద తాత ముందుకొచ్చి చెయ్యి ఎత్తాడు. "ఆగండి. మిడతగాడు ఆడనేదంట. పైదేశం నుంచి వచ్చినోడు, ఆడు సుట్టం కింద లెక్క. ఆణ్ణి పక్కదారంట ఇంటికి పోనీండి." జీపు మీద నేనన్న సంగతి ఆయనకి తెలీదు. తెలియకుండానే నా మాటని నా మొహాన తెచ్చి పెట్టాడు. చిన్నమ్మ చేతిలో పేడ ముద్ద పట్టుకుని, "నువ్వు ఇటొచ్చీ నాయినా, బట్టలు పాడైపోతాయి" అంది.

వాడు అటు వెళ్ళలేదు. తిన్నగా వచ్చి నా ఎడమ పక్కన నిలబడ్డాడు. తెల్ల బూట్లతోనే. "అమ్మా, ఆడకూడదని కాయితంలో ఉంది గానీ, పేడ దెబ్బలు తినకూడదని నేదు. నన్నొక్కడ్నీ వదిలీకమ్మా" అన్నాడు. ఆడవాళ్ళందరూ చిన్నమ్మ వైపు చూశారు. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. ముద్ద పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది, మళ్ళీ లేచింది. తరవాత ఒకడుగు వెనక్కి వేసి, ఒళ్ళంతా విల్లులా వంచి కొట్టింది. వాడి ఛాతీ మధ్యలో పడింది. (మిడత చెయ్యి ఎవరి పోలికో ఆ రోజు తెలిసింది నాకు.) "ఉత్త సేతుల్తో వచ్చినావేట్రా నా కొడకా! సిగ్గు నేదేట్రా!" అని ఏడుస్తూనే అరిచింది. వాడు నవ్వుతూ నిలబడ్డాడు. ఇక మిగతావాళ్ళు ఆగుతారా? నేను వాడి వైపు తిరిగి "తప్పయిపోయింది తమ్ముడూ" అందామని నోరు తెరిచాను. తెరిచిన నోట్లోనే పడింది. తరవాత గెడ్డలో కడుక్కుంటున్నప్పుడు మళ్ళీ అన్నాను, కొంచెం మెల్లిగా. "ఏటన్నావన్నా?" అన్నాడు వాడు తలెత్తి. "ఏం నేదు, నీల్లు సల్లగున్నాయన్నాను" అన్నాను. పాతికేళ్ళ మగాడికి పేడ మింగినంత సులువు కాదు ఆ మాట చెప్పడం.

వాడు తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఇంకో దేశం, ఇంకో క్లబ్బు. వాణ్ణి చూసి మా ఊరి కుర్రాళ్ళు ఇద్దరు, పక్క ఊరి కుర్రాడొకడు అదే దారి పట్టారు. నేను గుమ్మలక్ష్మీపురం వైపు ఒక బడిలో ఆటల మాస్టారినయ్యాను. బాగా ఎగిరే పిల్లల్ని చూస్తే మొదట సంతోషం, వెంటనే దిగులు. వీళ్ళూ పోతారు. పోవద్దని చెప్పడానికి నా దగ్గర మేకపోతు తప్ప వాళ్ళకిచ్చేది ఏముంది? మా గూడెంలో జట్టుకి ఆరుగురు దొరక్క మూడు పండగలయ్యాయి. కళ్ళంలో చోళ్ళు మాత్రమే నూరుస్తున్నారు.

ఈమధ్య సాయంత్రాలు బడి నుంచి రాగానే ఫోనులో వాడి ఆటలు చూస్తున్నాను. అక్కడ వాడికి బంతి లేపేవాడు ఆరున్నర అడుగుల తెల్లవాడు, పేరున్నవాడేనట. నాకు మాత్రం వాడి లిఫ్టింగు చూస్తే ఒళ్ళు మండుతుంది. తక్కువ లేపుతాడు. మిడతకి ఆ ఎత్తు చాలదు. "ఇంకో జానెడు లేపరా, ఇంకో జానెడు!" అని ఫోను మొహాన అరుస్తాను. "ఆ దొరకి తెలుగొచ్చేటి?" అంటుంది మా ఆవిడ లోపల్నించి. ఆవిడకి ఏం చెప్పను? జీపు మీద నాకొచ్చిన కోపం ఊరి కోసమూ కాదు, మేక కోసమూ కాదు. నేను లేపిన బంతి ఇంక ఎవరు కొడతారని. ఇది తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది నాకు. మిడత ఆ తక్కువ బంతికి కూడా మోకాలి పట్టీతో ఎగిరి, గీత లోపలే కొడతాడు. పాయింటు వస్తుంది. వాళ్ళంతా పరిగెత్తుకెళ్ళి వాణ్ణి కావలించుకుంటారు. నేనూ చప్పట్లు కొడతాను, కొంచెం ఆలస్యంగా.